ముందు ఉద్యోగంలో చేరనివ్వండి

ఉద్యోగం దొరక్క ఆగిపోయినవాళ్లకు తోడుండే స్వచ్ఛంద సంస్థల గురించి గత సంచికలో రాసినందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం ప్రశ్నలు, సగం దెప్పులు. అలాంటి సంస్థలో ఉద్యోగ సలహాదారుగా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి దెప్పులు నాకు కొత్త కాదు. పేర్లూ ఊర్లూ తీసేసి, ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఈసారికి తీసుకున్నాను.

ప్రశ్న: పని చేయాలనే బుద్ధి ఉన్నవాడికి పని దొరకకుండా ఉంటుందా? దొరకలేదంటే అందుకు తగిన కారణమే ఉంటుంది. దానికొక సంస్థ, ఆ సంస్థకు మళ్లీ విరాళాలు! ఇందులో సేవ ఎక్కడుందో చెప్పగలరా?
– ఒక విశ్రాంత అధికారి

జవాబు: అయ్యా, బుద్ధి ఒక్కటే చాలుతుందో లేదో పరీక్షించి చూసినవాళ్లున్నారు. దేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో నలుగురు కుర్రాళ్లను జంటలుగా ఉద్యోగాలకు పంపారు. ఒక జంట తెల్లవాళ్లు, ఇంకో జంట నల్లవాళ్లు. జంటలో ఇద్దరికీ చదువు, అనుభవం, మాటతీరు ఒకేలా ఉండేట్టు చూశారు. ఒకరు మాత్రం జైలుకు వెళ్లొచ్చినట్టు చెప్పాలి. ఆ పాత్రను ఇద్దరూ మార్చి మార్చి వేశారు. మొత్తం 350 మంది యజమానుల దగ్గరికి వెళ్లారు. జైలు మాట లేనప్పుడు తెల్ల కుర్రాళ్లను నూటికి 34 మంది మళ్లీ పిలిచారు, ఆ మాట ఉన్నప్పుడు 17 మందే పిలిచారు. నల్ల కుర్రాళ్ల విషయంలో ఆ అంకెలు 14, 5. అంటే ఏ నేరమూ లేని నల్ల కుర్రాడికి, జైలుకెళ్లొచ్చిన తెల్ల కుర్రాడికన్నా తక్కువ పిలుపులు వచ్చాయి. వీళ్లలో ఎవరికి బుద్ధి తక్కువైందో మీరే చెప్పండి.

ఇక సేవ ఎక్కడుందన్నారు. చాలావరకు చిల్లర పనుల్లో ఉంది. మా దగ్గరికి వచ్చిన ఒకతనికి గోదాములో పని ఖాయమైంది. షిఫ్టు ఉదయం ఆరింటికి. అతనుండే వైపు నుంచి మొదటి బస్సు ఆరుంపావుకు. మూడు రోజులు అరగంట ఆలస్యంగా వెళ్లాడు, నాలుగో రోజు రావద్దన్నారు. హాజరు పుస్తకంలో అతను సోమరి. మేము చేసిందల్లా సూపర్‌వైజర్‌కు ఫోను చేసి, అరగంట ఆలస్యంగా మొదలుపెట్టి అరగంట ఆలస్యంగా దిగితే అభ్యంతరమా అని అడగడం. ఆయనకు అభ్యంతరం లేదు. ఆ మాట అతనే అడగవచ్చు కదా అంటారు. ఎప్పుడూ కాదనిపించుకున్నవాడు అడగడు. ఉన్నదీ పోతుందని భయం.

ధ్రువపత్రంలో ఒక చోట ఒక పేరు, మరో చోట ఇంకో పేరు. మొదటి జీతం వచ్చేదాకా ఛార్జీలకు డబ్బు లేకపోవడం. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియకపోవడం. వీటిలో ఏదీ ‘నైపుణ్యాల లోపం’ కాదు. అయినా శిక్షణ తరగతులకు విరాళాలు ఇచ్చినంత సులువుగా బస్సు ఛార్జీలకు ఎవరూ ఇవ్వరు. తరగతిగదిలో ఫొటో బాగా వస్తుంది మరి.

ప్రశ్న: పెళ్లికి ముందు, తర్వాత కూడా అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. మా అత్తగారు మంచాన పడితే మానేశాను. తొమ్మిదేళ్లు గడిచాయి. ఆవిడ పోయాక మళ్లీ ప్రయత్నిస్తున్నాను. దరఖాస్తులో తేదీల దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడడం లేదు. ఆ ఏళ్లకు ఎదురుగా ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: జరిగిందే రాయండమ్మా. ‘కుటుంబ సభ్యురాలికి పూర్తికాల సంరక్షణ’ అని ఒక్క వరుస, పక్కన సంవత్సరాలు. దాని కింద మహా అయితే రెండు వరుసలు: బీమా కాగితాలు మీరే చూశారా, ఆసుపత్రి బిల్లుల లెక్క మీరే రాశారా, మందుల వేళలు మీ చేతిమీదే నడిచాయా. నిజమైనవే రాయండి. ‘గృహ నిర్వహణాధికారి’ లాంటి బిరుదులు మాత్రం తగిలించుకోకండి. ఈ మధ్య కొందరు శిక్షకులు ఇది నేర్పిస్తున్నారు. చదివేవాళ్లకు నవ్వొస్తుంది, మీరు చేసిన అసలు పని ఆ నవ్వులో కొట్టుకుపోతుంది.

తేదీలు చూసి యజమానులు వెనకాడతారన్నది మాత్రం మీ భ్రమ కాదు. అమెరికాలో కొందరు ఆర్థిక శాస్త్రవేత్తలు వంద నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు 12 వేల కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. పని లేకుండా గడిచిన నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి. తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే కనిపించింది. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది: ఎనిమిది నెలలు దాటాక తొమ్మిదేళ్లయినా యజమాని కంటికి పెద్ద తేడా ఉండకపోవచ్చు. కాబట్టి ఆ సంఖ్యను తలచుకుని కుంగిపోకండి. పై వరుస ఈ ఏడాదిది అయ్యేట్టు చూసుకోండి. ఇప్పుడు వాడుతున్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న కోర్సు చేయండి. ఏదైనా సేవా సంస్థకు నెలనెలా లెక్కలు రాసిపెట్టండి. మాలాంటి సంస్థల్లో పద్దులు రాసేవాళ్లకు ఎప్పుడూ కరువే. మొహమాటపడకుండా అడగండి, అనుభవపత్రం కూడా ఇస్తారు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తుంది. రెండు వాక్యాల్లో ముగించాలి. “మా అత్తగారిని నేనే చూసుకోవాల్సి వచ్చింది, ఆ బాధ్యత ఇప్పుడు లేదు. ఈ ఏడాది ఫలానా చోట లెక్కలు చూస్తున్నాను, మీ దగ్గర నెలవారీ పద్దులు ఎలా ముగిస్తారు?” ప్రశ్నతో ఆపండి. ఎదుటివాళ్లు వాళ్ల పని గురించి మాట్లాడడం మొదలుపెడతారు. అద్దం ముందు వద్దు, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని సాధన చేయండి. అద్దం మధ్యలో అడ్డు రాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వస్తారు.

ఉద్యోగం వెతుకుతున్న సంగతి దగ్గరివాళ్లకే చెప్పి ఊరుకోకండి. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను ‘ఆ మనిషిని ఎంత తరచుగా కలుస్తారు’ అని అడిగారు. తరచుగా అన్నవాళ్లు ఆరుగురిలో ఒకరే. మిగిలినవాళ్లకు ఉద్యోగపు కబురు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. మీ అక్కకు తెలిసినవి మీకూ తెలుసు. పాత ఆఫీసులో పక్క కుర్చీ ఆవిడకు తెలిసినవి మీకు తెలియవు.

ప్రశ్న: మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. మందులు వాడుతున్నాడు, రెండేళ్లుగా ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు. జబ్బుకు ముందు ప్రింటింగ్ ప్రెస్సులో పేజీలు పెట్టేవాడు. మళ్లీ పనికి వెళ్తానంటున్నాడు. పూర్తిగా తగ్గాక చూద్దామని అమ్మానాన్నా అంటున్నారు. ఒత్తిడి పడితే తిరగబెడుతుందేమోనని నాకూ భయమే.
– ఒక అక్క

జవాబు: ఈ కుప్పలో నేను అన్నిటికన్నా ముందు జవాబు రాసింది మీ ఉత్తరానికే.

పూర్తిగా తగ్గాక ఉద్యోగం అనడం, ఈత వచ్చాక నీళ్లలోకి దిగమన్నట్టే. ఒకప్పుడు సంస్థలన్నీ ఈ దారిలోనే నడిచాయి. ముందు అంచనా, తర్వాత శిక్షణ, తర్వాత రక్షిత కార్యశాలలో, అంటే ఇలాంటివాళ్ల కోసమే విడిగా నడిపే పనిచోట, కవర్లు అంటించడం, అందులో నెగ్గితే అప్పుడు బయటి ఉద్యోగం. చాలామంది ఆ మూడో మెట్టు మీదే ముసలివాళ్లయ్యారు. 1990ల మొదట్లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో డెబొరా బెకర్, రాబర్ట్ డ్రేక్ అనే పరిశోధకులు ఈ వరుసను తిరగేశారు. ముందు మామూలు జీతానికి మామూలు ఉద్యోగం, నేర్చుకోవాల్సింది అందులో ఉంటూనే, పక్కన ఒక మనిషి తోడు. దీన్ని ‘ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్’ అంటారు, పొట్టిగా ఐపీఎస్. పోలీసుల ఐపీఎస్ కాదు లెండి.

ఇందులో అర్హత ఒక్కటే: పని చేస్తానని ఆ మనిషి అనడం. మీ తమ్ముడు అన్నాడు. ఉద్యోగాల వేట నెల రోజుల్లోపే మొదలవ్వాలి. ఉద్యోగ సలహాదారు డాక్టర్ల బృందంలో కూర్చుంటారు, ఒక్కొక్కరి చేతిలో ఇరవై మందికి మించి ఉండకూడదు. ఉద్యోగం వచ్చాక ఫైలు మూసేయరు, అవసరమున్నన్నాళ్లూ తోడుంటారు.

మీ భయానికి కూడా జవాబుంది. యూరప్‌లోని ఆరు కేంద్రాల్లో, తీవ్రమైన మానసిక వ్యాధులున్న 312 మందిని రెండు జట్లుగా చేసి 18 నెలలు గమనించారు. ఫలితాలు 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నేరుగా ఉద్యోగంలో పెట్టే పద్ధతిలో నూటికి 55 మంది ఉద్యోగం చేశారు, ముందు శిక్షణ పద్ధతిలో 28 మంది. ఆసుపత్రిలో మళ్లీ చేరాల్సివచ్చినవాళ్లు మొదటి జట్టులో 20 శాతం, రెండో జట్టులో 31 శాతం. తిరగబెట్టడం ఎక్కువ కాలేదు, తక్కువే అయింది.

మీ ఇంట్లో ఇక జరగాల్సింది చెబుతాను. మందుల వల్ల అతనికి మత్తు ఏ వేళ ఎక్కువగా ఉంటుందో ఒక వారం రాసి చూడమనండి. ఉదయమైతే మధ్యాహ్నం షిఫ్టు అడగాలి, లేదా మందు వేళ మార్చవచ్చేమో డాక్టర్ని అడగాలి. పేజీలు పెట్టే పనిలో ఇబ్బంది చేతిలో ఉండదు, ముగ్గురు మనుషులు మూడు మాటలు ఒకేసారి చెప్పడంలో ఉంటుంది. మార్పులన్నీ ఒకే మనిషి ద్వారా, కాగితం మీద రావాలని అడగవచ్చు. దానికి యజమానికి పైసా ఖర్చు లేదు. జబ్బు తిరగబెట్టే ముందు అతనిలో మొదట కనిపించే మార్పు ఏమిటో, నిద్ర తగ్గడమో మాట తగ్గడమో, అతనూ మీరూ డాక్టరూ ముందే అనుకుని ఉండాలి. అప్పుడు ఎవరికి ఫోను చేయాలో కూడా.

జబ్బు సంగతి యజమానికి చెప్పాలా వద్దా అన్నది అతని నిర్ణయం. చెబితే సర్దుబాట్లు అడగడం తేలిక, చెప్పకపోతే చులకన చూపులు ఉండవు. రెండువైపులా ఏం జరగవచ్చో సలహాదారు వివరించాలి తప్ప ఒకవైపు తోయకూడదు. మీరు మాత్రం అతనికి తెలియకుండా వాళ్ల ఆఫీసుకు ఫోను చేసి “ఎలా ఉన్నాడండీ” అని అడగకండి. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. ఆ ఒక్క ఫోనుతో ఉద్యోగాలు పోవడం చూశాను.

ప్రశ్న: మా అన్నయ్య మూడేళ్లు శిక్ష అనుభవించి వచ్చాడు. రెండుచోట్ల ఉన్నది ఉన్నట్టు చెబితే వద్దన్నారు. మూడోచోట దాచాడు. చేరిన నెలకు తెలిసి తీసేశారు. నిజం చెప్పినా తప్పే, దాచినా తప్పేనా?
– ఒక తమ్ముడు

జవాబు: అడిగినప్పుడు అబద్ధం చెప్పమని నేను సలహా ఇవ్వను, ఆ మూడో చోటు చూశారుగా. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదానిలో మాత్రం చాలా ఉంది.

దరఖాస్తులో నేరచరిత్ర గడి ఉండకూడదని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం హవాయి, 1998లో. ముందు మనిషిని చూడనివ్వండి, తర్వాత అడగండి అన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అమండా ఏగన్, సోంజా స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఇలాంటి నిబంధన రాకముందూ వచ్చాకా దాదాపు 15 వేల కల్పిత దరఖాస్తులు పంపి చూస్తే ఒక చేదు సంగతి తేలింది. ఆ గడి ఉన్న సంస్థల్లో, అది తీసేయకముందు తెల్లవాళ్లకు నల్లవాళ్లకన్నా 7 శాతం ఎక్కువ పిలుపులు వచ్చేవి, తీసేశాక 43 శాతం ఎక్కువ వచ్చాయి. గడి పోయేసరికి యజమానులు పేరు చూసి ఊహించుకోవడం మొదలుపెట్టారు. కాగితం మార్చినంత మాత్రాన పని అయిపోదు, హామీగా మాట్లాడే మనిషి కావాలి. సంస్థ అక్కడ పనికొస్తుంది.

మీ అన్నయ్య గడప దగ్గరే చెప్పేస్తున్నట్టున్నాడు. అడగకపోతే, పని గురించి మాట్లాడుకున్నాక, వివరాలు కుదిరే ముందు చెప్పమనండి. మూడు వాక్యాలు. ఏం జరిగింది, అప్పటి నుంచి ఏం చేస్తున్నాను, ఈ పనికి దానితో ఏమైనా అడ్డుందా. వకీలు తప్పు, స్నేహితుడి తప్పు, పోలీసుల తప్పు అంటూ సాగదీస్తే, అవన్నీ నిజమైనా సరే, వినేవాళ్ల ముఖం మూసుకుపోతుంది. ఏడ్చే దాకా క్షమాపణ చెప్పడం కూడా అంతే. జైల్లో ఏదైనా పని చేసి ఉంటే ఆ అధికారి రాసిచ్చిన ఒక్క కాగితం ఈ మూడు వాక్యాలకు తోడుంటే మేలు.

లాస్ ఏంజెలెస్‌లో గ్రెగరీ బాయిల్ అనే క్రైస్తవ ఫాదర్ 1988లో మొదలుపెట్టిన హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్, ముఠాల నుంచి, జైళ్ల నుంచి వచ్చినవాళ్లకు తానే పని ఇస్తుంది. ముఖం మీదా మెడ మీదా ఉన్న ముఠా పచ్చబొట్లను ఉచితంగా తీయించే ఏర్పాటు కూడా వాళ్ల దగ్గరుంది. ఉద్యోగ సేవల జాబితాలో పచ్చబొట్టు తీయడం ఎవరికి తడుతుంది? ఎదుట కూర్చున్నవాడి ముఖాన్ని నిజంగా చూసినవాళ్లకే తడుతుంది. 1982లో మొదలైన, న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్‌లో ఉన్న గ్రేస్టన్ బేకరీ ఇంకా ముందుకు వెళ్లింది. జాబితాలో పేరు రాసుకుంటే చాలు, ఖాళీ రాగానే తర్వాతి పేరున్నవాళ్లకు పని. ఇంటర్వ్యూ లేదు, గతం గురించి ప్రశ్న లేదు. అలాంటి చోట్లు తక్కువే, కానీ మీకు దగ్గర్లో ఉన్న సంస్థను “గతం తెలిసీ తీసుకున్న యజమానులు మీ పరిచయంలో ఎవరున్నారు?” అని సూటిగా అడగండి. ఒక్క పేరైనా చెప్పలేకపోతే ఇంకో సంస్థను చూసుకోండి.

ప్రశ్న: ఇంత తంటాలు ఎందుకు? పని దొరకనివాళ్లకు నెలకింత అని డబ్బు ఇస్తే సరిపోదా? విరాళం ఇచ్చేవాణ్ణి, అందుకే అడుగుతున్నాను.
– ఒక దాత

జవాబు: డబ్బు కూడా ఇవ్వాలి, దానికి నేను అడ్డం పడను. ఆకలితో ఇంటర్వ్యూకు ఎవరూ వెళ్లలేరు.

కానీ ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊరు ఒకటుంది. ఊరంతా ఒకే మిల్లు మీద బతికేది. ఆ మిల్లు మూతపడ్డాక, 1930ల మొదట్లో మరీ యహోదా, ఆమె తోటి పరిశోధకులు అక్కడికి వెళ్లి జనం రోజులు ఎలా గడుపుతున్నారో గమనించారు. ఒకరు కిటికీ చాటున గడియారం పట్టుకుని, ప్రధాన వీధిలో ఎవరెంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో లెక్కవేశారు. మగవాళ్లు అడుగడుక్కీ ఆగేవాళ్లు. చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. తీరిక బోలెడుంది, గ్రంథాలయంలో రుసుము కూడా ఎత్తేశారు, అయినా పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి పడిపోయింది. వాళ్లలో చాలామందికి కొంతకాలం భృతి అందింది కూడా. ఆడవాళ్లు అంతగా ఆగలేదు, ఇంటి పని వాళ్లను ఆగనివ్వలేదు.

విరాళం ఎక్కడ ఇవ్వాలో తేల్చుకోవడానికి సంస్థను “ఎంతమందికి శిక్షణ ఇచ్చారు” అని అడగకండి. “చేరినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారు” అని అడగండి. మొదటి ప్రశ్నకు రంగుల పుస్తకం ఇస్తారు. రెండోదానికి లెక్క చెప్పగలిగినవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆటిజం. కంప్యూటర్ పని బ్రహ్మాండంగా చేస్తాడు. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడడు, ‘మీ గురించి చెప్పండి’ అంటే పుట్టిన తేదీతో మొదలుపెడతాడు. ఎలా తయారుచేయాలి?
– ఒక తండ్రి

జవాబు: కొంతవరకే తయారుచేయండి. మిగతాది ఇంటర్వ్యూయే మారాలి. డెన్మార్క్‌లో థోర్కిల్ సొన్నె అనే ఆయనకూ ఇలాంటి కొడుకే ఉన్నాడు. ఆయన 2004లో స్పెషలిస్టర్న్ అనే సంస్థ పెట్టి, మాటల పరీక్షకు బదులు లెగో రోబోలు తయారుచేయించి అభ్యర్థుల పనితనం చూసేవాడు. మీరు యజమానిని అడగాల్సింది కూడా అదే: అరగంట మాట్లాడించే బదులు రెండు రోజులు పని ఇచ్చి చూడండి అని. ప్రశ్నలు ముందే రాతలో పంపమని అడగడమూ న్యాయమైన కోరికే. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక 27వ అధికరణం పనిచోట తగిన సర్దుబాట్లు ఉండాలని చెబుతోంది. పుట్టిన తేదీతో మొదలుపెడితే పెట్టనివ్వండి, అడిగినదానికి అదీ జవాబే.

ప్రశ్న: ఒక ‘ట్రస్టు’ వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అని నమోదు రుసుము కట్టించుకున్నారు. ఇప్పుడు ఇంటర్వ్యూ ఖాయం కావాలంటే రెండో విడత కట్టాలంటున్నారు. కట్టమంటారా?
– ఒక నిరుద్యోగి

జవాబు: వద్దు. ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీల మీద 1997లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 181వ ఒడంబడిక, ఉద్యోగం వెతికేవాళ్ల దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ రుసుము తీసుకోకూడదని సూత్రం పెట్టింది. లాభం కోసం నడిచే ఏజెన్సీలకే ఆ మాట చెబితే, సేవ అని బోర్డు పెట్టుకున్నవాళ్లకు వేరే చెప్పాలా? మంచి సంస్థ ఏదీ ఉద్యోగానికి గ్యారంటీ ఇవ్వదు, ఇవ్వలేదు. కట్టినదానికి రసీదు, వాళ్లు పంపిన సందేశాలు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు ఒకచోట పెట్టి పోలీసులకు ఫిర్యాదు రాసివ్వండి. అసలు ధ్రువపత్రాలు వాళ్ల దగ్గర ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో మొదటి వాక్యంలోనే రాయండి.